క్రింది స్వరము మోయువాడు

చదువవలసిన వాక్యభాగములు: 1 కొరింథీయులకు 12:14–26, 14:7–9



ఈ నెల ధ్యానమునకు మేము ఒక పాత ఇత్తడి వస్తువును మీ ముందు ఉంచుచున్నాము. అది మా గ్రామ ప్రార్థనాలయములో పాటలు పాడువారి ప్రక్కన, గోనెపట్టా పరచిన పీటమీద ఉన్నది. పిల్లలు దానిని పెద్ద బూర అందురు. బ్యాండుమేళమువారు బేస్ అందురు. దాని అసలు పేరు ట్యూబా. దాని నోరు అన్నము వార్చు పెద్ద గిన్నె మూతియంత వెడల్పు గలది. రెండు చోట్ల సొట్టలు కలవు. ఒక ప్రక్క మెరుగు పోయి నల్లబడినది. ఇట్టి దానిని దేవుని మందిరములో ఎందుకు ఉంచితిరని కొందరు అడిగిరి. అది మాయొద్దకు వచ్చిన విధమును, అది వచ్చిన తరువాత దేవుడు మాకు చూపించిన మా తప్పిదమును దాచక చెప్పుట మంచిదని తలంచితిమి.

మా సంఘమువారు ఈస్టరు ఆదివారమున తెల్లవారకముందే గుడి నుండి సమాధుల తోటకు పాడుచు నడచి వెళ్లుట మీరెరుగుదురు. మీ ఊళ్లలోను ఆ వాడుక కలదు. అయితే ఏటేటా మాకు ఒకటే బాధ. ముందు నడచు యౌవనస్థులు పాటను పరుగెత్తించెదరు. వెనుక వచ్చు ముసలివారు, చంటిబిడ్డల తల్లులు ఒక చరణము వెనుకబడుదురు. సగము దూరము పోవునప్పటికి ఒకే పాటను రెండు గుంపులు రెండు పాటలుగా పాడుచుందురు. డోలక్ ఒక్కటి ఇంతమందిని పట్టి నిలుపజాలదు. క్రింది స్వరము పలుకు వాద్యము ఒకటి ఉండిన బాగుండునని మేము ఎన్నియో మారులు అనుకొంటిమి.

నిరుడు కోత పండుగ అయిన పిమ్మట, హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న మా సంఘపు పిల్లవాడొకడు కబురు పంపెను. అతడు విద్యానగర్‌లో గది అద్దెకు తీసికొని ఉన్నాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయము దగ్గరగుటచేత ఆ వీధులలో చదువుకొను పిల్లల గదులు మెండు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరుగల ఆసుపత్రి, ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ అక్కడివే. అతని గది ప్రక్కనున్న పాత పెంకుటింటిలో, ముప్పది సంవత్సరములు బ్యాండులో బేస్ వాయించిన పెద్దాయన ఒకరు కలరనియు, ఆయన తన ట్యూబాను అమ్మదలచెననియు ఆ కబురు. మేము ఒక సంఘపెద్దను వెంటబెట్టుకొని పోయితిమి.

ఆ పెద్దాయన మంచముమీద కూర్చుండి, మాటకు మాటకు నడుమ ఊపిరి తీసికొనుచుండెను. “డాక్టరుగారు ఇంక ఊదవద్దన్నారు అయ్యగారూ,” అని చెప్పి మంచము క్రింది నుండి దానిని బయటికి లాగించెను. పాత దుప్పటిలో చుట్టియుండెను. ఇంటివారు దానిని ఇత్తడి కొనువానికి తూకానికి ఇచ్చివేయుదమనిరట. ఆయన ఒప్పుకొనలేదు. “బరువు చూసి కొనేవాడికి నేనివ్వను. ఊదేవాడికే ఇస్తాను,” అనెను.

పాత ట్యూబాను కొనువాడు ఏమి చూడవలెనో ఆయనే మాకు చూపెను. అమ్మువాడే లోపములు చూపుట మేము సంతలో ఎన్నడును చూడలేదు. “సొట్టలు చూసి భయపడకండి. పైన సొట్ట ఉంటే రాగం చెడదు. లోపల గాలి కారితేనే చెడుతుంది,” అనెను. ఆ ట్యూబాకు మూడు పిస్టనులుండెను. వాటిలో ఒకదానిని నొక్కకయే, దానికి చేరిన చిన్న గొట్టమును కొంచెము బయటికి లాగి, తరువాత పిస్టనును నొక్కవలెను. లోపల బిగువుండినయెడల చిన్న సీసా బిరడా తీసినట్లు ‘టప్’ మను శబ్దము వచ్చును. రాకపోయిన గాలి కారుచున్నదన్నమాట. మొదటి రెండు పిస్టనులును శబ్దమిచ్చెను. మూడవది ఇవ్వలేదు. “ఇది అరిగింది. ఈ సంగతి చెప్పకుండా అమ్మితే నాకు నిద్ర పట్టదు,” అని ఆయనే ధర తగ్గించెను. 14,000 రూపాయలకు బేరము కుదిరెను. అది మా కోత పండుగ కానుకలలోని సొమ్ము.

వచ్చునప్పుడు ఆయన మాతో రెండు మాటలు చెప్పెను. “దీన్ని ఊరికే ఉంచకండి. రోజూ పది నిమిషాలైనా ఎవరైనా ఊదాలి. ఊదకపోతే పిస్టన్లు పట్టుకుపోతాయి. ఎక్కడైనా బిగుసుకుపోతే బలవంతం చేయకండి.” మేము సరేనంటిమి. ఇమ్లీబన్ బస్టాండులో కండక్టరు దానికి సామాను టికెట్టు కొట్టెను. మా ఒడిలో అది నల్లగొండ రోడ్డంతయు ప్రయాణము చేసెను.

ఈ వాద్యము ఎక్కడిదో కొంచెము తెలిసికొనుట మేలు. ట్యూబా అనునది లాటిను మాట. రోమా సైనికుల నిడుపాటి బూరకు ఆ పేరుండెను. పౌలు భక్తుడు కొరింథు సంఘమునకు వ్రాసిన పత్రికలో, తడబడి పలుకు బూరను విని యే సైనికుడు నడుము కట్టుకొనునని అడిగిన చోట లాటిను బైబిలులో ఉన్న మాట ట్యూబా యే. కడవరి బూర మ్రోగగా మృతులు లేచెదరని చెప్పిన చోటను ఆ మాటయే. కాని మనము నేడు చూచు ఈ వాద్యము అంత పాతది కాదు. 1835వ సంవత్సరమున జర్మనీ దేశపు బెర్లిను నగరములో వీప్రెఖ్ట్ అను సైనిక బ్యాండు నాయకుడును, మోరిట్జ్ అను వాద్యములు చేయువాడును కలిసి దీనికి పేటెంటు పొందిరి. అంతకు ముందు బ్యాండులలో పై స్వరములకు బాకాలుండెను గాని, క్రింది స్వరమును నిలుకడగా మోయు ఇత్తడి వాద్యము సరియైనది లేకుండెను. ఆ కొరత తీర్చుటకే ఇది పుట్టెను.

దైవసేవలో దీని చోటు కొత్తది కాదు. ఇంగ్లాండులోని సాల్స్‌బరీ పట్టణములో 1878లో ఒక తండ్రియు అతని ముగ్గురు కుమారులును సాల్వేషను ఆర్మీవారి వీధి ప్రసంగములకు తోడుగా ఇత్తడి వాద్యములు వాయించిరి. ఆ సంస్థ బ్యాండులకు అది ఆరంభము. 1882లో ఆ సంస్థవారు బొంబాయిలో దిగి మన దేశమున పని ప్రారంభించిరి. మన దేశములోనే ఈ వాద్యములు చేయు ఊరు ఉత్తరమున మేరఠు. 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీ ఆ ఊరిదే. ఎందరో పెండ్లి బ్యాండువారి చేతులలోని బాకాలు ఆ మేరఠులో పుట్టినవే. చేసినవాడు ముస్లిమైనను, వాయించినవాడు హిందువైనను, క్రైస్తవుడైనను, ఆ ఇత్తడికి భేదము తెలియదు. ఊపిరి ఇచ్చిన ప్రతివానికిని అది పలుకును.

ఇక మా తప్పిదములకు వచ్చెదము. మొదటిది చిన్నది. ఊరు చేరిన రెండవ దినమున దాని మూతిబిళ్ల, అనగా పెదవులు ఆనించి ఊదు భాగము, గొట్టములో బిగుసుకొనిపోయెను. బలవంతము చేయవద్దని పెద్దాయన చెప్పిన మాట మా చెవిలోనే యున్నది. అయినను మేము పట్టకారు తెచ్చితిమి. సంఘపెద్ద ఒకరు గొట్టమును పట్టుకొనగా మేము మెలివేసితిమి. గొట్టము వంగెను గాని బిళ్ల రాలేదు. తరువాత నగరములో బాగుచేయు పనివాని యొద్దకు మరల మోసికొనిపోగా, అతడు దానికే యుండు చిన్న పనిముట్టు బిగించి, ఒక నిమిషములో నెమ్మదిగా తీసివేసెను. అతడు నవ్వి ఏమియు అనలేదు. వంగిన గొట్టమును సరిచేయుటకును, మూడవ పిస్టనుకును, అడుగు బిరడాలకును 3,200 రూపాయలు అయ్యెను. అందులో మా పట్టకారు ఖర్చు ఎంతయో మేము సంఘమునకు వేరుగా లెక్కచెప్పి, మా జీతములోనుండి కట్టితిమి.

రెండవ తప్పిదము పెద్దది. దానిని చెప్పుటకు మాకు సిగ్గుగా ఉన్నది.

ట్యూబా బాగుపడి వచ్చెను గాని, దానిని ఊదువాడెవడు? యౌవనస్థులు ఒకరి తరువాత ఒకరు ప్రయత్నించిరి. బుగ్గలు ఉబ్బించి ఊదిరి. గేదె అరచినట్లు అరచెను, లేదా గాలి పోయిన సైకిలు ట్యూబువలె బుస్సుమనెను. పై స్వరములు పలుకు చిన్న బాకాకంటె దీనికి గాలి ఎంతో ఎక్కువ కావలెను. మా బేసులోని గొట్టమును సాగదీసిన సుమారు 18 అడుగుల పొడవుండునట. అంత గొట్టమును ఊపిరితో నింపి, పెదవులను వణికించి, స్వరమును నిలుపవలెను. ఇది బలముతో వచ్చు పని కాదు, నేర్పుతో వచ్చునది.

ఆ పని తెలిసినవాడు మా సంఘములోనే ఉండెను. అతడు ఇరువది సంవత్సరముల నుండి పెండ్లి బ్యాండులో బేస్ వాయించి బ్రదుకుచున్నాడు. మాకంటె నాలుగైదేండ్లు పెద్ద. మాలో అందరికి ఆ సంగతి తెలియును. అయినను ట్యూబా కొనుటకు హైదరాబాదు పోవునప్పుడు మేము అతనిని వెంట రమ్మనలేదు. కొన్న తరువాతను అతనిని పిలువలేదు. ఎందుకు పిలువలేదు?

అతడు ఆదివారము ఆరాధనకు ఆలస్యముగా వచ్చును. కొన్నిసార్లు ప్రసంగము సగమైన తరువాత వచ్చి, తలుపు ప్రక్కన చెప్పుల దగ్గర కూర్చుండును. కొన్నిసార్లు అక్కడే కునికిపాట్లు పడును. రాత్రియంతయు బరాతులో త్రాగి వచ్చెనని సంఘములో ఒకరనిరి. ఇద్దరనిరి. పిమ్మట అందరము అంటిమి. రెండేండ్ల క్రిందట అతడు పాటల గుంపులో చేరుదునని అడుగగా, పెద్దలు ఆలోచించి చెప్పెదమనిరి. ఆలోచన ముగియలేదు. మేమును వారితో కలిసి మౌనముగా ఉంటిమి. ఒక్కనాడైనను అతని ఇంటికి పోయి, అన్నా, నీ సంగతి ఏమి అని అడుగలేదు. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞను మేము ప్రతి సంవత్సరము పిల్లలచేత కంఠస్థము చేయించుచున్నాము.

మా యౌవనస్థులలో ఒకడు, “అయ్యగారూ, ఊదే మనిషి మన గుడి తలుపు దగ్గరే ఉన్నాడు కదా,” అనినప్పుడు మాకు జవాబు దొరకలేదు. ఆ సాయంకాలమే అతని ఇంటికి పోయితిమి. అతడు గుమ్మములో మమ్మును చూచి కంగారుపడి, తలపాగా సవరించుకొని, పీట వేసెను. పాస్టరు తన ఇంటికి వచ్చుట అదే మొదటిసారి. అదియు అతని మనస్సులో నుండెను గాని పెదవి దాటి రాలేదు.

మేము ట్యూబా సంగతి ఎత్తకముందే అడిగితిమి: “అన్నా, నీవు త్రాగుదువని మేమందరము అనుకొంటిమి. నిన్ను అడుగకయే అనుకొంటిమి. నిజమేమి?”

అతడు చాలసేపు నేలచూపు చూచెను. “మా నాయిన తాగి పోయిండు అయ్యగారూ. నేను ముట్ట. శనివారం రాత్రి పెండ్లికి పోతే తెల్లారిందాక నిలబడి ఊదాలె. మా వాళ్లు లారీల దింపితే ఆడికెళ్లి నడుచుకుంట గుడికే వస్త. ఇంటికి పోతే పండుకుంట, మల్ల లేవ. అందుకే సీదా గుడికి వస్త. నిద్రాగదు, మాఫ్ చేయండి,” అనెను.

సహోదరులారా, రాత్రియంతయు నిలుచుండిన మనిషి పడకను విడిచి దేవుని సన్నిధికి వచ్చుచుండెను. మేమో, ఎనిమిది గంటలు నిద్రించి, స్నానము చేసి, ముందు వరుసలో కూర్చుండి, అతని కునుకును లెక్కపెట్టుచుంటిమి. మేము అతని చేతులు పట్టుకొని క్షమాపణ అడిగితిమి. అతడు ‘అయ్యో, అయ్యగారూ’ అనుట తప్ప మరేమియు అనలేదు. మరుసటి ఆదివారము సంఘము ఎదుటను ఆ మాట చెప్పితిమి. చాటున పలికిన అపవాదును చాటుననే సరిచేయుట చాలదని తోచెను.

ఆ ఆదివారము ఆరాధన అయిన తరువాత అతడు ట్యూబాను ఒడిలోనికి తీసికొనెను. మొదట పిస్టనులు తీసి తుడిచి నూనె వేసెను. మూత తిప్పి లోపలి నీటిని వదలెను. అది ఉమ్మి కాదనియు, మనిషి వెచ్చని ఊపిరి చల్లని ఇత్తడికి తగిలి నీరగుననియు పిల్లలకు చెప్పెను. స్త్రీలు చింతపండుతో తోమి మెరిపింతుమనిరి. బిందె వంటిది కాదమ్మా, దీనికి గోరువెచ్చని నీరును, మెత్తని గుడ్డయు చాలుననెను. అప్పుడు ఊదెను. ఒకే స్వరము. క్రిందిది. కిటికీ రెక్కలు సన్నగా అదిరెను. బల్లమీద కూర్చున్న మా కాళ్లలోనికి ఆ స్వరము వచ్చెను. యౌవనస్థులు గేదె అరుపు అరిపించిన వస్తువు ఇదియేనా అని అందరును ఒకరినొకరు చూచుకొనిరి.

ఈస్టరు వచ్చెను. ఆ శనివారము రాత్రి కూడ అతనికి పెండ్లి ఉండెను. పొట్టకూటి పనిని మానుమని మేము చెప్పలేదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లారీ దిగి నేరుగా గుడికి వచ్చెను. అతని పెదవులు ఉబ్బియుండెను. మేము వద్దంటిమి. “క్రింది స్వరానికి పెదవి సడలిస్తే చాలు, ఊపిరుంటే అయితది,” అని ట్యూబాను భుజమున వేసికొని ఊరేగింపు నడుమ నడచెను. ముందు కాదు, వెనుక కాదు, నడుమ. అడుగునకొక స్వరము. ముందు పరుగెత్తువారు ఆ స్వరమునకు ఆగిరి. వెనుకవారు ఆ స్వరమును పట్టుకొని వచ్చిరి. సమాధుల తోట చేరునప్పటికి మేమందరము ఒకే పాటను ఒకే చరణములో పాడుచుంటిమి. మా పదునెనిమిది సంవత్సరముల సేవలో అది మొదటిసారి.

అక్కడ ప్రార్థన చేయునప్పుడు అతడు ఆయాసపడుచు ఒక సమాధిరాయికి ఆనుకొనెను. ఒకప్పుడు అతనిని గూర్చి మొట్టమొదట మాట వేసిన పెద్దమనిషి తన చేతికర్ర ప్రక్కన పెట్టి, ట్యూబాను అతని భుజము నుండి దించి, తన ఒడిలో పెట్టుకొనెను. ప్రార్థన అగువరకు అట్లే పట్టుకొనియుండెను.

ప్రియులారా, ఇందులో మనము మూడు సంగతులు ధ్యానింతము.

మొదటిది, ట్యూబాకు తన ఊపిరి లేదు. ఎంత ఖరీదు పెట్టి కొన్నను, ఎంత మెరిపించినను, మరొకరు ఊదువరకు అది ఇత్తడియే. ఆదాము మంటితో చేయబడి, దేవుడు జీవవాయువు ఊదువరకు మన్నే. ఎండిన ఎముకల లోయలో యెహెజ్కేలు చూచినదియు అదియే. మన సంఘములకు గోడలు, బల్లలు, మైకులు వచ్చినవి. మంచిదే. అయితే వాటిలోనికి ఊపిరి వచ్చినదా? ప్రార్థన లేని సంఘము మంచము క్రింద దుప్పటిలో చుట్టిన బూర వంటిది.

రెండవది, లోపములు పైన చూడకుము. సొట్ట ఉన్నను ట్యూబా పలుకును. గాలి కారిన పలుకదు. ఆలస్యముగా వచ్చినవాని సొట్ట మనకు కనబడెను. మన నోళ్లలోనుండి కారిన గాలి మాత్రము మనకు కనబడలేదు. సంఘమును పాడుచేసినది ఏది? అతని కునుకా, మన మాటయా? బిగుసుకొనిపోయిన మనుష్యుని యొద్దకు మనము పట్టకారుతో పోవుచున్నాము. నెమ్మదిగా పోయి, ఇంట కూర్చుండి, ఒక్క ప్రశ్న అడిగిన చాలునేమో.

మూడవది, క్రింది స్వరము మోయువారిని ఎరుగుడి. పాట బాగున్నదని విన్నవారు పై స్వరమునే మెచ్చుకొందురు. బేసును ఎవరును మెచ్చుకొనరు, అది ఆగినప్పుడే దాని సంగతి తెలియును. శరీరములో బలహీనములుగా కనబడు అవయవములే మరి అవశ్యకములని అపొస్తలుడు బోధించుట ఇందుకే. మన గుడిని తెల్లవారకముందే ఊడ్చు ముసలమ్మ, నీళ్లు మోయు పిల్లవాడు, రోగియింటికి చెప్పకుండ గంజి పంపు తల్లి, వీరు క్రింది స్వరములు. పెండ్లివారు బ్యాండువానికి డబ్బు చేతికిత్తురు గాని విస్తరి ముందు పీట వేయరు. లోకపు వాడుక అది. ప్రభువు బల్లయొద్ద కూడ మనము అట్లే చేసితిమా అని ప్రతి సంఘము పరీక్షించుకొనవలెను.

ఇక లెక్క అడిగినవారికి ఒక మాట. ఆ సొమ్ముతో గోడకు సున్నము వేయవచ్చును గదా అని ఒక పెద్ద అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. గోడ ఇంకను పెచ్చులూడుచునే యున్నది. వచ్చే కోత పండుగకు ఆ పని చేయవలెను. ఆ సహోదరుడు ఇప్పటికిని శనివారములు పెండ్లిండ్లకు పోవుచున్నాడు, ఇప్పటికిని కొన్ని ఆదివారములు ఆలస్యముగా వచ్చుచున్నాడు. ఒక్కటి మాత్రము మారెను. పాటల గుంపులో అతని కుర్చీ ఖాళీగా ఉంచబడుచున్నది. అతడు వచ్చునప్పుడు ఎవరును వెనుకకు తిరిగి చూచుట లేదు. సాయంకాలములు ఇద్దరు పిల్లలు అతని యొద్ద ఊదుట నేర్చుకొనుచున్నారు. విద్యానగర్ పెద్దాయనకు ఫోనులో ఆ స్వరమును వినిపించితిమి. ఆయన కొంతసేపు ఏమియు పలుకక, “మూడో పిస్టన్ బాగైంది,” అనెను.

ఈ నెలలో మీలో ప్రతివాడు ఒక పని చేయవలెనని మా మనవి. మీ గుడి తలుపు దగ్గర కూర్చుండువాడెవడో చూడుడి. అతనిని గూర్చి మీరు అనుకొన్నది అతనిని అడిగి అనుకొన్నదేనా? కాకపోయినయెడల, వచ్చే ఆదివారమునకు ముందే అతని ఇంటికి పోవుడి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నీ ఊపిరి లేనిదే మేము మ్రోగని ఇత్తడి వారము. అడుగక తీర్పు తీర్చిన మా నోళ్లను క్షమించుము. మా నడుమ క్రింది స్వరము మోయుచున్నవారిని మాకు చూపించుము. వారికి పీట వేయు మనస్సు మాకిమ్ము. కడవరి బూర మ్రోగు దినమున, ముందున్నవారమును వెనుకనున్నవారమును ఒకే పాటతో నీ యెదుట నిలుచునట్లు మమ్మును నడిపించుము. యేసు క్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.